ఎన్‌క్రిప్షన్ ఉన్నా చాట్‌లు కోర్టుకెలా చేరుతున్నాయి? ఎవరి సంతకంతో ఎవరి ఫోను వినవచ్చు?

గుమ్మం:

వాట్సాప్ సందేశాలు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి, మధ్యలో కంపెనీ కూడా చదవలేదు అంటారు. ఇంకోపక్క చార్జిషీట్లు తెరిస్తే పేజీలకు పేజీలు వాట్సాప్ చాట్‌లే. ఈ రెండూ ఎలా కుదురుతాయి? మన దేశంలో ఎవరి సంతకంతో ఫోను వినవచ్చు, ఎన్నాళ్లు వినవచ్చు, విన్నాక ఎప్పటికైనా మనకు చెబుతారా? టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చాక ఏమైనా మారిందా? వీపీఎన్ (మన నెట్ వాడకాన్ని వేరే సర్వరు మీదుగా పంపి దాచే సేవ) ఉంటే చాలని కొందరు, దానివల్ల ఒరిగేదేమీ లేదని కొందరు అంటున్నారు. తెలిసినవాళ్లు సెక్షన్లతో, సెట్టింగులతో సహా చెబితే చాలామందికి పనికొస్తుంది. “తప్పు చేయనివాడికి భయమెందుకు” అనే వాదన మాత్రం ఇక్కడికి తేవద్దని మనవి.

తాళపత్రం:

చట్టం వరకు నేను చెబుతాను, సెట్టింగుల సంగతి నెట్‌వర్క్ తెలిసినవాళ్లకు వదిలేస్తాను.

సంభాషణ వినడానికి ప్రభుత్వానికి రెండు దారులున్నాయి. ఒకటి టెలికాం దారి. 1885 టెలిగ్రాఫ్ చట్టంలో సెక్షన్ 5(2) చేసిన పని ఇప్పుడు 2023 చట్టంలో సెక్షన్ 20(2) చేస్తోంది. ఇది 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది, మాటలు కూడా దాదాపు పాతవే. ముందు ప్రజా అత్యవసర పరిస్థితి గానీ ప్రజా భద్రత అవసరం గానీ ఉండాలి. ఆ పైన దేశ సమగ్రత, రాజ్య భద్రత, విదేశీ సంబంధాలు, శాంతిభద్రతలు, నేర ప్రేరేపణ నివారణ వంటి కారణాల్లో ఒకటి చూపించాలి. రెండూ ఉంటేనే ఉత్తర్వు చెల్లుతుంది. “ఫలానావాడిపై అనుమానం ఉంది” అన్నది ఒక్కటే సరిపోదు.

సంతకం కేంద్రంలో కేంద్ర హోం కార్యదర్శిది, రాష్ట్రంలో రాష్ట్ర హోం కార్యదర్శిది. ఒక ఉత్తర్వు 60 రోజులు నడుస్తుంది, పొడిగిస్తూ పోయినా మొత్తం 180 రోజులు దాటకూడదు. అత్యవసరమైతే ఐజీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి ముందు మొదలుపెట్టేయవచ్చు, కానీ 7 పనిదినాల్లో హోం కార్యదర్శి ధ్రువీకరించాలి. ధ్రువీకరణ రాకపోతే ఆపేయాలి, అప్పటిదాకా విన్నది సాక్ష్యంగా వాడకూడదు, 2 పనిదినాల్లో ధ్వంసం చేయాలి. ఇదంతా 2024 డిసెంబరు 6న వచ్చిన ఇంటర్‌సెప్షన్ నిబంధనల్లో ఉంది. పాత టెలిగ్రాఫ్ నిబంధనల్లోని 419ఏ చోటే ఇవి వచ్చాయి, ఆ 419ఏకి మూలం పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు.

ఈ మొత్తం వరసలో న్యాయమూర్తి ఎక్కడా లేడని గమనించారా? ఉత్తర్వు ఇచ్చేది కార్యదర్శి, సమీక్షించేది కూడా కార్యదర్శులే. కేంద్రంలో కేబినెట్ కార్యదర్శి, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి ఆ కమిటీకి అధ్యక్షులు. కమిటీ కనీసం రెండు నెలలకోసారి కూర్చోవాలి. పదేళ్లకు ముందే ఒక ఆర్‌టీఐ జవాబులో తేలింది, కేంద్రం ఒక్కటే నెలకు 7,500 నుంచి 9,000 దాకా ఫోన్ ట్యాపింగ్ ఉత్తర్వులు ఇస్తోందని. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ తన నివేదికలో ఇదే లెక్క చూపింది: సమావేశానికొచ్చేసరికి సమీక్ష కమిటీ ముందు 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు ఉంటాయి. ముగ్గురు అత్యున్నత అధికారులు ఒక పూట కూర్చుని అన్ని ఉత్తర్వుల్లో ఎన్ని చదవగలరో మీరే ఊహించండి. నా దృష్టిలో అసలు లోపం ఇక్కడే ఉంది. కాగితం మీద రక్షణ ఉంది, దాన్ని అమలుచేసే చేతులు లేవు.

రెండో దారి ఐటీ చట్టం సెక్షన్ 69, దానికింద 2009 నిబంధనలు. ఇది ఇంకా విశాలం. ప్రజా అత్యవసర పరిస్థితి ఉండాలన్న షరతు ఇక్కడ లేదు. పైగా “ఏ నేరాన్నైనా దర్యాప్తు చేయడానికి” అన్న కారణం అదనం. కంప్యూటర్ గుండా పోయేది మాత్రమే కాదు, అందులో నిల్వ ఉన్నదీ దీని కిందికి వస్తుంది. డిక్రిప్ట్ చేయడానికి సహకరించమని ఆదేశించవచ్చు, కాదంటే 7 ఏళ్ల వరకు జైలు. 2018 డిసెంబరు 20 నాటి హోం శాఖ ఉత్తర్వు ఐబీ, సీబీఐ, ఎన్‌ఐఏ, ఈడీ, రా వంటి 10 సంస్థలకు ఈ పని చేసే అధికారమిచ్చింది.

మనకు చెబుతారా అంటే, చెప్పరు. విన్నాళ్లూ చెప్పరు, వినడం ఆపేశాకా చెప్పరు. కేసు పెట్టి ఆ రికార్డింగును కోర్టులో వాడితే తప్ప తెలిసే దారి లేదు. తెలియనిదాన్ని సవాలు చేసేదెలా? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. జోక్యానికి చట్టం ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, ఆ జోక్యం అవసరానికి తగినంతే ఉండాలి అన్నారు. ఆ కొలతకు తగ్గట్టు నిఘా చట్టాన్ని మాత్రం ఎవరూ తిరగరాయలేదు.

తెలిసిపోయిన కేసుల్లో కొంత ఊరట దొరికింది. ఒక లంచం కేసులో ఇచ్చిన మూడు ట్యాపింగ్ ఉత్తర్వులను 2019లో బాంబే హైకోర్టు కొట్టేసి, రికార్డులు ధ్వంసం చేయమంది. 2025 జులైలో మద్రాసు హైకోర్టు 2011 నాటి ఉత్తర్వును అలాగే కొట్టేసింది. నేరం బయటపెట్టడానికి రహస్యంగా వినడం, ప్రజా భద్రత కిందికి రాదని చెప్పింది. కానీ ఎదురు ప్రవాహం కూడా బలంగానే ఉంది. సాక్ష్యం అక్రమంగా సంపాదించినా విషయానికి సంబంధించినదైతే చెల్లుతుందని 1970ల నుంచీ సుప్రీంకోర్టు చెబుతూ వస్తోంది. న్యాయవాది ముందుగా అడగాల్సినవి: ఉత్తర్వు ప్రతి, దానిలో రాసిన కారణాలు, 7 పనిదినాల్లో సమీక్ష కమిటీకి పంపారా లేదా. చాలా ఉత్తర్వులు ఈ మూడోదాని దగ్గరే తడబడతాయి.

తీగమల్లి:

తాళపత్రం గారు రాసినది సందేశంలోని విషయం గురించి. నిజానికి రోజువారీ దర్యాప్తులో విషయం కంటే రికార్డులకే గిరాకీ ఎక్కువ. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎక్కడినుంచి, ఎంతసేపు. వీటికి హోం కార్యదర్శి సంతకం అక్కర్లేదు. నేర విచారణ పద్ధతిని చెప్పే బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం సెక్షన్ 94 (పాత సీఆర్‌పీసీ 91) కింద ఎస్పీ స్థాయి అధికారి నుంచి ఒక లేఖ వెళితే టెలికాం కంపెనీ ఇచ్చేస్తుంది.

సీడీఆర్ అంటే కాల్ వివరాలు: రెండు నంబర్లు, ఐఎంఈఐ (ఫోను గుర్తింపు సంఖ్య), ఐఎంఎస్‌ఐ (సిమ్ గుర్తింపు సంఖ్య), మొదటి టవరు, చివరి టవరు, సమయం. ఐపీడీఆర్ అంటే డేటా వాడకం వివరాలు: మీకిచ్చిన ఐపీ (నెట్‌లో మీ కనెక్షన్ చిరునామా), పోర్టు, మీరు చేరిన ఐపీ, సమయం, ఎంత డేటా. 2021 డిసెంబరులో లైసెన్సు సవరించి వీటిని కనీసం రెండేళ్లు దాచాలన్నారు. అంతకుముందు ఏడాదే.

ఐపీడీఆర్‌లో మీ వాట్సాప్ సందేశం ఉండదు. కానీ రాత్రి 11:42కి మీ ఫోను వాట్సాప్ సర్వరుతో మాట్లాడిందని ఉంటుంది. వాట్సాప్ కాల్ మాట్లాడితే కొన్నిసార్లు అవతలి వ్యక్తి ఐపీనే నేరుగా కనిపిస్తుంది, ఎందుకంటే కాల్ రెండు ఫోన్ల మధ్య నేరుగా కలుస్తుంది. దీన్ని ఆపడానికి వాట్సాప్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి “కాల్స్‌లో ఐపీ చిరునామా రక్షించు” ఆన్ చేయాలి. అప్పుడు కాల్ సర్వరు మీదుగా పోతుంది, మాట నాణ్యత కొద్దిగా తగ్గవచ్చు. సిగ్నల్‌లో కూడా ప్రైవసీ, అడ్వాన్స్‌డ్ కింద “ఆల్వేస్ రిలే కాల్స్” అని ఉంటుంది.

ఈ రికార్డులు తప్పు మనిషి మీదికి ఎలా వెళతాయో కూడా తెలియాలి. మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే పబ్లిక్ ఐపీని ఒకే క్షణంలో ఎంతోమంది పంచుకుంటారు (సీజీనాట్). వారిని విడదీసేది పోర్టు నంబరు, సెకన్లతో సహా సమయం. వెబ్‌సైటు లాగ్‌లో పోర్టు లేకపోతే అనుమానితుల జాబితా పొడవవుతుంది. లాగ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉండి, అడిగేవాళ్లు దాన్ని మన సమయం అనుకుంటే 5:30 గంటల తేడాతో వేరే చందాదారు పేరు వస్తుంది. 2007లో పుణె పోలీసులు ఐపీ వివరాలు తప్పుగా రావడంతో బెంగళూరుకు చెందిన ఒక ఐటీ ఉద్యోగిని పట్టుకెళ్లారు, నేరంతో సంబంధం లేని ఆ మనిషి 50 రోజులు జైల్లో ఉన్నాడు. అందుకే ఐపీ ఆధారంగా ఎవరికైనా నోటీసు వస్తే న్యాయవాది మొదట అడగాల్సింది మూల లాగ్, దాని టైమ్‌జోన్, సోర్స్ పోర్టు.

ఇక వీపీఎన్. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు వినియోగదారు పేరు, చిరునామా, ఫోను, కేటాయించిన ఐపీలు, నమోదప్పుడు వాడిన ఐపీ, వాడే ఉద్దేశం అన్నీ 5 ఏళ్లు నిల్వ ఉంచాలి. సంస్థలు తమ ఉద్యోగుల కోసం పెట్టుకునే వీపీఎన్‌లకు ఇది వర్తించదు. దీంతో ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్ వీపీఎన్ దేశంలోని తమ సర్వర్లను ఎత్తేసి, భారతీయ ఐపీని బయటి దేశాల సర్వర్ల నుంచి ఇస్తున్నాయి. కాబట్టి “సర్వరు ఎక్కడుంది, లాగ్ ఎవరి దగ్గరుంది” అన్నదే చూడాలి, యాప్‌లో కనిపించే దేశం జెండా కాదు.

వీపీఎన్ పెట్టుకున్నాక ఐపీడీఆర్‌లో మీరు చేరిన సైట్లకు బదులు వీపీఎన్ సర్వరు ఐపీ ఒక్కటే ఉంటుంది. వాడిన సంగతి మాత్రం దాగదు. ఆండ్రాయిడ్‌లో వీపీఎన్ సెట్టింగుల్లో “ఆల్వేస్-ఆన్”, దాని కిందనే “వీపీఎన్ లేకుండా కనెక్షన్లు ఆపు” రెండూ ఆన్ చేయకపోతే, సిగ్నల్ తెగి అతుక్కునే ఆ కొన్ని క్షణాల్లో అసలు ఐపీ బయటికి పోతుంది. గూగుల్ ఖాతాలో లాగిన్ అయ్యే ఉంటే గూగుల్‌కు మీరెవరో ఎలాగూ తెలుసు. ప్రైవేట్ డీఎన్‌ఎస్ (ఆండ్రాయిడ్ 9 నుంచి ఉంది) పెట్టుకోవడం మంచిదే, కానీ అది సైటు పేరు అడిగే ప్రశ్నను మాత్రమే దాస్తుంది. ఆ తర్వాతి కనెక్షనులో చేరే ఐపీ, చాలాసార్లు సైటు పేరు కూడా (ఎస్‌ఎన్‌ఐ), బయటే ఉంటాయి.

ఒకటో నంబరు వాకిలి:

వీపీఎన్ వాడటం నేరమని కొన్ని గ్రూపుల్లో తిరుగుతోంది. దేశమంతటికీ వర్తించే అలాంటి నిషేధం లేదు. జమ్మూ కశ్మీర్‌లోని కొన్ని జిల్లాల్లో మేజిస్ట్రేట్లు తాత్కాలిక ఉత్తర్వులతో నిషేధించారు, అక్కడికి వెళ్లేవాళ్లు ఆ జిల్లా ఉత్తర్వు చూసుకోవాలి. అంతే.

ఇంకొకటి. ఐటీ నిబంధనలు 2021లో 4(2) ప్రకారం 50 లక్షలకు పైగా వినియోగదారులున్న మెసేజింగ్ సేవలు, ఆదేశం వస్తే సందేశాన్ని మొదట పంపినవారెవరో చెప్పగలగాలి. వాట్సాప్ దీన్ని 2021లోనే ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. ఎన్‌క్రిప్షన్ పగలగొట్టాల్సి వస్తే దేశం వదిలి వెళ్లాల్సి వస్తుందని 2024 ఏప్రిల్‌లో కోర్టుకే చెప్పింది. ఒక్కడిని వెతకడానికి ప్రతి ఒక్కరి ప్రతి సందేశానికీ గుర్తు వేయాలనే ఈ నిబంధన నాకు ట్యాపింగ్ కంటే ప్రమాదకరంగా కనిపిస్తుంది. ట్యాపింగ్‌లో కనీసం ఒక నంబరు, ఒక ఉత్తర్వు ఉంటాయి.

చెక్కతలుపు:

గుమ్మం గారి మొదటి ప్రశ్నకు సూటి జవాబు: చార్జిషీట్లలో చాట్‌లు దాదాపు ఎప్పుడూ దారి మధ్యలో పట్టినవి కావు. ఫోను నుంచి తీసినవి, లేదా బ్యాకప్ నుంచి, లేదా అవతలి వ్యక్తి ఫోను నుంచి. ఎన్‌క్రిప్షన్ రెండు ఫోన్ల మధ్య దారిని కాపాడుతుంది, ఫోను తెరిచాక సందేశం మామూలు అక్షరాలే.

బ్యాకప్‌తో మొదలుపెట్టండి. గూగుల్ డ్రైవ్‌కో ఐక్లౌడ్‌కో వెళ్లే వాట్సాప్ బ్యాకప్, మీరు ఆన్ చేయనిదే ఎండ్-టు-ఎండ్ రక్షణలో ఉండదు. సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్, ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్, టర్న్ ఆన్. పాస్‌వర్డ్ గానీ 64 అంకెల తాళంచెవి గానీ ఎంచుకోవచ్చు. 64 అంకెలదైతే కాగితం మీద రాసి దాచండి, దాన్నే స్క్రీన్‌షాట్ తీస్తే అది గూగుల్ ఫొటోస్‌కు ఎక్కి పని మొత్తం వృథా అవుతుంది. పోగొట్టుకుంటే కంపెనీ కూడా తిరిగి ఇవ్వలేదు. ఆన్ చేశాక ఒకసారి “బ్యాకప్” నొక్కి పూర్తయ్యేదాకా ఆగండి, లేకపోతే డ్రైవ్‌లో పాతదే మిగిలి ఉంటుంది. ఐఫోన్‌లో ఇంకో మెలిక ఉంది. ఫోను మొత్తాన్ని ఐక్లౌడ్‌కు బ్యాకప్ చేస్తుంటే ఆ తాళంచెవి ఆపిల్ దగ్గర ఉంటుంది. “అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్” ఆన్ చేస్తేనే మీ దగ్గరికి వస్తుంది. బ్రిటన్ ప్రభుత్వం అక్కడి చట్టం కింద ఒత్తిడి తేవడంతో 2025 ఫిబ్రవరిలో ఆపిల్ ఆ దేశంలో ఈ సదుపాయాన్నే ఉపసంహరించుకుంది. ఇక్కడ ఉంది, ఉన్నప్పుడే వాడుకోండి.

గ్రూపులో ఇరవై మంది ఉంటే మీ ఒక్కరి బ్యాకప్ సరిచేస్తే చాలదు. తాళం వేయని బ్యాకప్ ఒక్కటున్నా సంభాషణ అంతా అందులో ఉంటుంది. అందుకే డిసప్పియరింగ్ మెసేజ్‌లు (24 గంటలు, 7 రోజులు, 90 రోజులు) గ్రూపు మొత్తానికి పెట్టడం, అందరి చేతా బ్యాకప్ తాళం వేయించడం, అవసరం తీరిన గ్రూపును మూసేయడం ముఖ్యం.

తర్వాత టూ-స్టెప్ వెరిఫికేషన్, 6 అంకెల పిన్. ఎస్‌ఎంఎస్ టెలికాం కంపెనీ మీదుగా వస్తుంది కాబట్టి ఓటీపీ చూడగలిగినవారు మీ నంబరును వేరే ఫోనులో నమోదు చేయగలరు. పిన్ ఉంటే అక్కడ ఆగుతారు. సిగ్నల్‌లో దీన్నే రిజిస్ట్రేషన్ లాక్ అంటారు. రికార్డుల విషయంలో సిగ్నల్‌ది వేరే స్థాయి. అమెరికా కోర్టుల నుంచి సమన్లు వచ్చినప్పుడు అది ఇవ్వగలిగింది ఖాతా తెరిచిన సమయం, సర్వరుకు చివరిసారి కనెక్ట్ అయిన రోజు మాత్రమే. ఇంకేమీ నిల్వ చేయదు కాబట్టి ఇంకేమీ ఇవ్వలేదు. వాట్సాప్ దగ్గర ఎవరితో ఎప్పుడు, ఏ గ్రూపులో, ఏ ఐపీ నుంచి అన్న వివరాలు ఉంటాయి.

పెగాసస్ లాంటి నిఘా సాఫ్ట్‌వేర్‌కు పై సెట్టింగులేవీ అడ్డుకావు, అది ఫోనులోకే దిగుతుంది. సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో వేసిన సాంకేతిక కమిటీ 29 ఫోన్లు పరీక్షించి 5 ఫోన్లలో ఏదో మాల్‌వేర్ ఉందంది, అది పెగాససేనని తేల్చలేకపోయింది. ప్రభుత్వం సహకరించలేదని కూడా ఆ కమిటీ చెప్పిందని కోర్టే వెల్లడించింది. ఆ స్థాయి ప్రమాదం ఉన్న జర్నలిస్టులు, న్యాయవాదులు ఐఫోన్‌లో లాక్‌డౌన్ మోడ్ ఆన్ చేయాలి, ఏ ఫోనైనా అప్‌డేట్ వచ్చిన రోజే వేయాలి. ఆపిల్ నుంచి “మెర్సినరీ స్పైవేర్ దాడి” (డబ్బుకు అమ్మే నిఘా సాఫ్ట్‌వేర్‌తో దాడి) హెచ్చరిక వస్తే ఫోను రీసెట్ చేయకండి, ఆనవాళ్లు అందులోనే ఉంటాయి. ముందు నిపుణులకు చూపించాలి.

గుమ్మం:

చాలా స్పష్టత వచ్చింది, అందరికీ కృతజ్ఞతలు. అలాగైతే అసలు ప్రశ్న ఫోను చేతుల్లోంచి పోయే క్షణం దగ్గర ఉందన్నమాట. 2021లో హైదరాబాద్‌లో పోలీసులు దారిన పోయేవాళ్లను ఆపి ఫోన్లలో చాట్‌లు వెతికిన వీడియోలు బయటికొచ్చాయి కదా. అలా అడగవచ్చా? పాస్‌వర్డ్ చెప్పాల్సిందేనా? స్వాధీనం చేసుకునేటప్పుడు ఏం రాయించుకోవాలి?

తాళపత్రం:

కేసు, అనుమానం ఏదీ లేకుండా దారిన పోయేవారి ఫోను తెరిపించి చదివే అధికారం ఏ చట్టంలోనూ లేదు. మర్యాదగా “ఏ కేసులో, ఏ సెక్షన్ కింద అడుగుతున్నారు, రాసి ఇవ్వండి” అని అడగవచ్చు. గొడవ పడకండి. అధికారి పేరు, సమయం, చోటు తర్వాత రాసిపెట్టుకోండి. మీ అంతట మీరు తెరిచి ఇస్తే దాన్ని సమ్మతిగా చూపిస్తారు.

పాస్‌వర్డ్ విషయంలో సుప్రీంకోర్టు తుది మాట లేదు, హైకోర్టులవి వేర్వేరు దారులు. 2021లో కర్ణాటక హైకోర్టు, పాస్‌వర్డ్ ఇవ్వడం తనపై తాను సాక్ష్యం చెప్పుకోవడం కాదంది. ఢిల్లీలో కోర్టులు ఆర్టికల్ 20(3) ప్రకారం నిందితుణ్ణి బలవంతం చేయకూడదన్నాయి. వేలిముద్ర, ముఖం సంగతి వేరు. అవి మనసులో ఉన్న విషయం కావు కాబట్టి వాటికి రాజ్యాంగ రక్షణ పలచన. ప్రమాదం ఎదురుగా కనిపిస్తే ఐఫోన్‌లో పక్క బటన్, వాల్యూమ్ బటన్ కలిపి రెండు సెకన్లు నొక్కితే ఫేస్ ఐడీ ఆగి పాస్‌కోడ్ అడుగుతుంది. ఆండ్రాయిడ్‌లో పవర్ మెనూలో “లాక్‌డౌన్” ఉంటుంది. పూర్తిగా ఆపేస్తే ఇంకా మేలు, మళ్లీ పెట్టాక మొదటిసారి పాస్‌కోడ్ కొట్టేదాకా లోపలి తాళాలు తెరుచుకోవు, ఫోన్లలోంచి డేటా తీసే సెల్లెబ్రైట్ లాంటి సాధనాలకు ఆ స్థితిలో చాలా తక్కువ దొరుకుతుంది. నాలుగంకెల పిన్ మాత్రం వద్దు, అక్షరాలు కలిపిన పొడవైనది పెట్టండి.

ఆదాయపు పన్ను సోదాలకు వేరే లెక్క ఉంది. 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి. దాని సెక్షన్ 247 సోదా చేసే అధికారికి ఈమెయిల్, సోషల్ మీడియా, క్లౌడ్ ఖాతాల యాక్సెస్ కోడ్‌ను పక్కకు నెట్టి లోపలికి వెళ్లే అధికారమిచ్చింది.

స్వాధీనం చేసుకుంటే పంచనామాలో మోడల్, ఐఎంఈఐ రెండూ, సిమ్ నంబరు, ఆన్‌లో ఉందా ఆఫ్‌లోనా, తాళం వేసి ఉందా తెరిచి ఉందా అన్నీ రాయించండి. మీ ఎదుటే సీలు వేయమని అడగండి, జాబితా ప్రతి తీసుకోండి. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. వీడియో తీయకపోతే తీయలేదని పంచనామా మీదే మీ అభ్యంతరం రాసి సంతకం పెట్టండి. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ (డేటాకు లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) ఉండాలి. ఫోను ల్యాబుకు చేరినప్పుడు తీసిన హ్యాష్‌కూ కోర్టుకిచ్చిన కాపీ హ్యాష్‌కూ తేడా వస్తే మధ్యలో ఏదో మారిందని అర్థం.

నోటీసు వచ్చాక గానీ కేసు ఉందని తెలిశాక గానీ చాట్‌లు చెరపకండి. బీఎన్‌ఎస్ (నేరాలు, శిక్షల చట్టం) సెక్షన్ 241 కింద సాక్ష్యంగా చూపించాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డును ధ్వంసం చేయడం వేరే నేరం, 3 ఏళ్ల వరకు జైలు. చెక్కతలుపు గారు చెప్పిన డిసప్పియరింగ్ సెట్టింగు ముందునుంచే అందరికీ ఒకేలా ఉన్న అలవాటైతే సంగతి వేరు, నోటీసు వచ్చిన సాయంత్రం ఆన్ చేస్తే వేరు.